దేంతో పోల్చి చెబుతున్నావు?

మాత్ర మీద ఆనిస్తే అది అసలుదో నకిలీదో చెప్పేస్తుందట. పండు మీద ఆనిస్తే తీపి ఎంతో చెప్పేస్తుందట. అరచేతిలో ఇమిడే స్పెక్ట్రోమీటర్ల ప్రకటనలు ఈ మధ్య ఎన్ని చూశానో. పరికరం కాంతిని పంపుతుంది, తిరిగొచ్చిన కాంతిని చదువుతుంది, ఫోన్ తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఓ మాట వెలుగుతుంది: సరైనదే. ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్ ముందు కూర్చుని బతుకు వెళ్లదీసే నాకు ఆ మాట చూసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న నోటిదాకా వస్తుంది. దేంతో పోల్చి చెబుతున్నావు?

జవాబు పెట్టె మీద ఉండదు, కరపత్రంలోనూ ఉండదు. ఎక్కడో సర్వర్‌లో ముందే కొలిచిపెట్టిన నమూనాల లైబ్రరీ ఒకటి, దాని మీద తర్ఫీదు పొందిన ఒక మోడల్ ఉంటాయి. ఆ లైబ్రరీలో ఏయే నమూనాలున్నాయో, వాటిని ఎవరు ఎలా కొలిచారో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు.

కాంతితో కొలిచే పరికరాల చరిత్రను మనం ఎప్పుడూ చూపు పెరిగిన కథగానే చెప్పుకుంటాం. మొదట పట్టకం, తర్వాత దగ్గర దగ్గరగా గీసిన గీతలతో కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్, తర్వాత లేజర్, ఆ పైన అంతరిక్షంలో టెలిస్కోపు. ప్రతి మెట్టులోనూ ఇంకాస్త దూరం, ఇంకాస్త సన్నం. నా ఉద్దేశంలో అసలు కథ దాని పక్కన నడిచింది. ఈ శాస్త్రం ముందుకు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు పోల్చుకోవడానికి మెరుగైన ఆధారం ఒకటి సంపాదించారు. బోర్లాపడినప్పుడు చూస్తే ఆ ఆధారమే వంకరగా ఉండేది. రాబోయే పరికరాలు ఆ ఆధారాన్ని వాడేవాళ్ల కంట పడకుండా దాచేస్తున్నాయి. నా గొడవంతా దాని గురించే.

1802లో విలియం వొలాస్టన్ సూర్యకాంతిని గుండ్రటి రంధ్రానికి బదులు సన్నటి చీలిక గుండా పట్టకం మీదికి పంపాడు. రంగుల మధ్య కొన్ని నల్ల గీతలు కనిపించాయి. రంగులకు ప్రకృతి గీసిన సరిహద్దులు కాబోలు అనుకుని అక్కడితో వదిలేశాడు. పన్నెండేళ్ల తర్వాత అవే గీతలు బవేరియాలో ఒక గాజు పనివాడి కంటబడ్డాయి. జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ పదకొండేళ్లకే తల్లీతండ్రీ లేనివాడయ్యాడు. మ్యూనిక్‌లో అద్దాలు చేసే యజమాని దగ్గర పనికి కుదిరితే 1801లో ఆ ఇల్లు కూలింది. శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డాడు. పెద్దయ్యాక ఆయన్ని వేధించిన సమస్య సూర్యుడిది కాదు, గాజుది. అంచుల్లో రంగులు చిందని దుర్భిణి కటకం చేయాలంటే రెండు రకాల గాజులు ఒక్కో రంగును ఎంతెంత వంచుతాయో కచ్చితంగా తెలియాలి. అయితే "పసుపు" అంటే ఏ పసుపు? నారింజ వైపు ఒరిగిందా, ఆకుపచ్చ వైపు ఒరిగిందా? నిన్న కొలిచిన పసుపూ ఈరోజు కొలిచే పసుపూ ఒకటేనని ఎలా చెప్పడం?

నల్ల గీతలు ఆ చిక్కు విప్పాయి. సూర్యకాంతిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూసినా అవి అదే చోట ఉంటాయి. ఫ్రాన్‌హోఫర్ 570కి పైగా గీతలను లెక్కపెట్టి, బలమైనవాటికి ఏ, బీ, సీ, డీ అంటూ అక్షరాలు తగిలించాడు. ఆ గీతలు ఎందుకున్నాయో ఆయనకు తెలియదు. 1826లో 39 ఏళ్లకే చనిపోయాడు, తెలియకుండానే పోయాడు. ఆయన పనికి అది అడ్డు కాలేదు, ఎందుకంటే ఆయనకు కావలసింది కదలని గుర్తు. నేటికీ కటకాల గాజు కేటలాగు తెరిస్తే వక్రీభవన గుణకం పక్కన డీ, ఎఫ్, సీ అక్షరాలుంటాయి. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా గాజు వ్యాపారం ఆయన పెట్టిన అక్షరాలతోనే నడుస్తోంది.

1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ చేసింది కూడా పోలికే. బున్సెన్ బర్నర్ మంటకు సొంత రంగు దాదాపు ఉండదు, అందువల్ల అందులో వేసిన ఉప్పు రంగు కల్తీ లేకుండా కనిపిస్తుంది. ఉప్పులోని సోడియం పసుపు గీత సరిగ్గా సూర్యుడి నల్లటి డీ గీత ఉన్నచోటే పడింది. కిర్కాఫ్ సూర్యకాంతిని ఆ సోడియం మంట గుండా పంపి చూశాడు. మంట వెలుగుతో నల్ల గీత పూడిపోవాలి అనిపిస్తుంది కదా. పూడకపోగా ఇంకా నల్లబడింది. వేడి వాయువు ఏ కాంతిని వెదజల్లుతుందో ఆ కాంతినే మింగుతుందన్న సూత్రం అక్కడ పుట్టింది. నక్షత్రాలు దేంతో తయారయ్యాయో మనిషికి ఎప్పటికీ తెలియదని తత్వవేత్త ఆగస్త్ కోంత్ 1835లో తేల్చేశాడు. పాతికేళ్లు తిరిగేసరికి ఒక గ్యాస్ మంట ఆ జోస్యాన్ని కొట్టిపారేసింది. కొత్త మూలకాల వేట మొదలైంది. 1860లో డ్యూర్క్‌హైమ్ ఊటనీటిని సుమారు 44,000 లీటర్లు ఇగిర్చి బున్సెన్ సీసియం పట్టుకున్నాడు, మరుసటి ఏడాది రుబీడియం దొరికింది. 1863లో ఇండియం కనుక్కున్న ఫెర్డినాండ్ రైష్‌కు రంగులు కనబడవు. గీతను చూసి చెప్పమని సహాయకుడు రిక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊదా నీలి గీత ఒకటి కనబడిందని చెప్పినవాడు రిక్టర్. వర్ణపటశాస్త్రంలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి. రంగు చూడలేనివాడు రంగుతో మూలకాన్ని కనుక్కున్నాడంటే, చూడటం కన్నా ఏం చూడాలో తెలియడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

హీలియం కథను గుంటూరు పేరుతో కలిపి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్లో ప్రకాశవంతమైన గీతలు చూశాడు. అవి ఎంత ధాటిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది, మర్నాడు చూసి చూపించాడు కూడా. అది ఆయన చేసిన నిజమైన ఘనకార్యం. హీలియం మాట వేరు. ఆ గ్రహణంలో పసుపు గీతను చూసినవాళ్లు దాన్ని సోడియందేనని అనుకునే వీలుంది, ఎందుకంటే అది సోడియం జంట గీతల పక్కనే ఉంటుంది. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఇది 587.6 దగ్గర. దగ్గరి గీతతో తేడా రెండు నానోమీటర్లకు లోపే. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండు నుంచి సూర్యుడి అంచును చూసిన నార్మన్ లాకియర్ ఆ గీత డీ జంటతో కలవడం లేదని పట్టుకున్నాడు. కలవకపోవడమే ఆవిష్కరణ. భూమ్మీద ఏ పదార్థమూ ఇవ్వని గీత కాబట్టి సూర్యుడి పేరు మీద హీలియం అయింది. 1895లో రామ్సే యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును బయటికి తీసేదాకా చాలామంది నమ్మలేదు. అన్నట్టు, ఇప్పటి గాజు కేటలాగులో చిన్న డీ సూచించేది సోడియం గీతను కాదు, హీలియం గీతను.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆధారం వంకరపోయిన సందర్భాలు. స్వీడన్‌లో ఆంగ్‌స్ట్రమ్ 1868లో సూర్య వర్ణపటానికి పటం వేసి, సుమారు వెయ్యి గీతలకు తరంగదైర్ఘ్యాలు ఇచ్చాడు. మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఆయన కొలమానం, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. గీతల మధ్య దూరాలను ఆయన చాలా నేర్పుగా కొలిచాడు. కానీ ఆయన ఆధారపడిన మీటరు కడ్డీ అసలు పొడవు కాస్త తేడా. దాంతో పటం మొత్తం ఆ తేడాతోనే నిలిచింది. ఆయన చనిపోయాక 1884లో సహచరుడు థాలెన్ దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. ఒక్కో గీతను ఎంత జాగ్రత్తగా కొలిచినా కడ్డీలోని తప్పు అందులోంచి పోదు.

అమెరికాలో హెన్రీ రోలాండ్ గొడవ మరో రకం. 1882 నుంచి ఆయన యంత్రం లోహపు అద్దాల మీద అంగుళానికి 14,438 గీతలు గీసేది. పట్టకం పక్కకు జరిగి గ్రేటింగ్ రాజ్యం మొదలైంది ఈ యంత్రంతోనే. ఫారడే 1862లో అయస్కాంతం మధ్య మంట పెట్టి గీతల్లో మార్పు కోసం వెతికి ఏమీ చూడలేకపోయాడు. 1896లో జీమన్ రోలాండ్ గ్రేటింగ్‌తో అదే ప్రయోగం చేసి గీత వెడల్పవడం చూశాడు, నోబెల్ అందుకున్నాడు. ఇది చూపు పెరిగిన కథే, ఒప్పుకుంటాను. కానీ ఆ గ్రేటింగ్‌లకు ఒక జబ్బు ఉండేది. గీతలు గీసే యంత్రాన్ని నడిపే మరలో ప్రతి చుట్టుకూ ఒకసారి వచ్చే చిన్న లోపం ఉంటే, ఆ లోపం గ్రేటింగ్ మీద క్రమం తప్పకుండా అచ్చుపడేది. ఫలితంగా ప్రతి బలమైన గీతకు అటూ ఇటూ లేని గీతలు పుట్టుకొచ్చేవి. వాటికి రోలాండ్ దయ్యాలు అని పేరు. దయ్యాన్ని దయ్యమని గుర్తుపట్టాలంటే దారి ఒక్కటే. ముందే తెలిసిన ఒంటరి గీతను ఇచ్చే దీపం పెట్టి, పరికరం దానికి ఎన్ని తోకలు తగిలిస్తుందో చూడాలి.

గీత ఎక్కడుందో చెప్పడం ఒక ఎత్తు, అదెంత బలంగా ఉందంటే ఏమిటర్థమో చెప్పడం ఇంకో ఎత్తు. సూర్య వర్ణపటంలో ఇనుము గీతలు కోకొల్లలు, కాబట్టి సూర్యుడు ఇంచుమించు భూమిలాంటి పదార్థమేనని 1920ల దాకా పెద్దలంతా అనుకున్నారు. మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణం గీతల బలాన్ని ఉష్ణోగ్రతతో ముడిపెట్టింది. దాన్ని పట్టుకుని సిసీలియా పేన్ 1925లో లెక్క కడితే నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియం మిగతావాటన్నిటికన్నా లెక్కలేనంత ఎక్కువని వచ్చింది. హెన్రీ నోరిస్ రస్సెల్ లాంటి మహామహుడు నమ్మకపోవడంతో, ఈ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె తన థీసిస్‌లోనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్లకు రస్సెల్ తనే వేరే దారిలో అదే చోటికి చేరాడు. ఫలకాలు పాతవే, గీతలూ పాతవే. వాటిని పక్కన పెట్టి చూసిన లెక్క మారింది.

అమెరికా భౌతికశాస్త్రవేత్త మైకెల్సన్ దగ్గరికి వస్తే నేను కొంచెం ఆగకుండా ఉండలేను. 1892–93లో ఆయన పారిస్ దగ్గర సెవ్రలో కూర్చుని అక్కడున్న మీటరు కడ్డీలో కాడ్మియం ఎర్ర కాంతి అలలు ఎన్ని పడతాయో లెక్కించాడు: 15,53,163.5. అప్పటిదాకా కాంతిని కడ్డీతో కొలిచారు, ఈయన కడ్డీని కాంతితో కొలిచాడు. ఆంగ్‌స్ట్రమ్‌ను ముంచిన సమస్యకు ఇది విరుగుడు. 1960లో మీటరు నిర్వచనం కడ్డీని వదిలేసి క్రిప్టాన్-86 నారింజ గీతకు మారింది, 16,50,763.73 అలలు ఒక మీటరు. 1983లో కాంతి వేగాన్నే సెకనుకు 29,97,92,458 మీటర్లని నిలిపేసి మీటరును సెకను నుంచి రాబట్టుకుంటున్నాం. ఆ సెకను 1967 నుంచి సీసియం పరమాణువు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనాలు. డ్యూర్క్‌హైమ్ నీళ్లు ఇగిర్చినప్పుడు బున్సెన్ కంటబడ్డ రెండు నీలి గీతల మూలకమే నేడు మన కొలతలన్నిటికీ తాళపుచెవి. ఎవరూ ప్లాన్ వేసి చేసింది కాదిది.

మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ ఇంకో విధంగా కూడా నా రోజువారీ పనిలోకి వచ్చింది. రెండు దారుల్లో వెళ్లిన కాంతి కలిసినప్పుడు వచ్చే హెచ్చుతగ్గుల్లో వర్ణపటమంతా దాగి ఉంటుంది, ఫూరియర్ లెక్కతో దాన్ని విడదీయాలి. ఆ లెక్క చేతితో కాదని 1898లో స్ట్రాటన్‌తో కలిసి ఆయన 80 భాగాల యాంత్రిక గణకం ఒకటి చేయించాడు. 1965లో కూలీ, టూకీ వేగవంతమైన పద్ధతి ఇచ్చాక, కంప్యూటర్లు చవకయ్యాక ఈ సూత్రంతో పని చేసే పరారుణ స్పెక్ట్రోమీటర్, ఎఫ్‌టీఐఆర్, ప్రతి ల్యాబ్‌కూ చేరింది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల ఒక హీలియం-నియాన్ లేజర్ నిరంతరం వెలుగుతూ ఉంటుంది. కదిలే అద్దం ఎంత జరిగిందో ఆ లేజర్ 632.8 నానోమీటర్ల అలలను లెక్కపెట్టి చెబుతుంది. అంటే కొలబద్ద పరికరం కడుపులోనే ఉంది, ప్రతి స్కాన్‌లోనూ పని చేస్తోంది. అయినా మేం దాన్ని గుడ్డిగా నమ్మం. పాలిస్టైరీన్ ఫిల్మ్ పెట్టి సెంటీమీటరుకు 1601 అలల దగ్గర రావలసిన పీక్ 1601 దగ్గరే వచ్చిందా అని చూస్తాం. యూవీ పరికరంలో తరంగదైర్ఘ్యం సరిచూడటానికి హోల్మియం, శోషణ విలువకు పొటాషియం డైక్రోమేట్, దారితప్పి డిటెక్టర్‌కు చేరే స్ట్రే లైట్‌కు ఇంకో ద్రావణం. కొత్తగా చేరిన పిల్లలు ఈ పనంతా ఆడిటర్ కోసం చేసే తంతు అనుకుంటారు. అలా అనుకునేవాళ్లకు నేను హబుల్ కథ చెబుతాను.

1990లో అంతరిక్షానికి వెళ్లిన హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దాన్ని అప్పటికి మానవులు చేసిన అత్యంత నునుపైన అద్దాల్లో ఒకటిగా లెక్కించారు. నునుపులో అబద్ధం లేదు. ఆకారం తప్పు. అంచు దగ్గర రావలసిన దానికన్నా సుమారు రెండు మైక్రోమీటర్లు చదునుగా ఉంది. ఎలా? అద్దం ఆకారాన్ని పరీక్షించడానికి రెండు చిన్న అద్దాలు, ఒక కటకంతో నల్ కరెక్టర్ అనే పరికరం కట్టారు. దాని భాగాల మధ్య దూరాన్ని ఒక కొలకడ్డీ కొసకు కాంతిని తగిలించి సరిచేయాలి. ఆ కొస మీద చిన్న రంధ్రమున్న మూత. మూత మీది పూత ఒకచోట రాలిపోయింది, కాంతి కడ్డీ కొసకు బదులు మూతకు తగిలి వెనక్కొచ్చింది. కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకు కూర్చుంది. ఆ తర్వాత అద్దాన్ని ఆ తప్పు పరికరానికి సరిపోయేలా, నెలల తరబడి, అద్భుతమైన కచ్చితత్వంతో అరగదీశారు.

నన్ను కలతపెట్టేది రాలిన పూత కాదు. పూతలు రాలతాయి. అక్కడ ఇంకో రెండు పరీక్షలు కూడా జరిగాయి, మొరటు పరికరాలతో. అవి రెండూ తేడా ఉందని చూపించాయి. మేలైన పరికరం సరే అంటున్నప్పుడు నాసిరకం పరికరాల మాట ఎందుకు వినాలి అని వాటిని పక్కన పెట్టారు. కచ్చితత్వం ఎక్కువున్న పరికరం ఒక్కటే ఉంటే దాని తప్పు కూడా అంతే కచ్చితంగా వస్తుంది. రెండు వేర్వేరు దారుల్లో కొలిచినప్పుడు వచ్చే తేడా ఒక సమాచారం, దాన్ని తుడిచేయకూడదు. 1993లో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు బిగించి వచ్చారు. తప్పు ఏ ఆకారంలో జరిగిందో అంత కచ్చితంగా తెలియబట్టే దిద్దుబాటు కూడా కుదిరింది.

దీనికి ఎదురుగా ఓజోన్ కథ నిలబెడతాను. 1920ల్లో గోర్డన్ డాబ్సన్ చేసిన స్పెక్ట్రోఫోటోమీటర్ చూడటానికి పొడవాటి ఇనప్పెట్టె. సూర్యుడి అతినీలలోహిత కాంతిలో ఓజోన్ బాగా మింగే తరంగం ఒకటి, అంతగా మింగని తరంగం ఒకటి తీసుకుని, రెండింటినీ పోలుస్తుంది. పైన మబ్బు మసక ఉన్నా రెండు తరంగాలకూ ఇంచుమించు సమానంగానే దెబ్బ తగులుతుంది కాబట్టి నిష్పత్తి నిలబడుతుంది. ప్రపంచంలోని డాబ్సన్ పరికరాలన్నిటినీ చివరికి 83వ నంబరు పరికరంతో సరిచూస్తారు. అంటార్కిటికాలో హాలీ బే స్థావరంలో 1950ల నుంచి ఇలాంటి పెట్టెతో ఓజోన్ కొలుస్తున్నారు. 1980ల మొదట్లో అక్టోబరు విలువలు దారుణంగా పడిపోయాయి. ముందు పరికరాన్నే అనుమానించి వేరేది పంపారు, అదీ అదే చెప్పింది. 300 డాబ్సన్ యూనిట్ల చుట్టూ ఉండే అక్టోబరు సగటు 1984 నాటికి 200 దిగువకు వచ్చిందని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ప్రకటించారు. అప్పటికే ఆకాశంలో ఉపగ్రహం భూమండలమంతా కొలుస్తోంది. ఆ తక్కువ విలువలు దానికీ వచ్చాయి, సాఫ్ట్‌వేర్ వాటిని అనుమానాస్పదమని గుర్తుపెట్టింది. ముడి డేటా దాచి ఉంచారు కాబట్టి తర్వాత తీసి చూస్తే రంధ్రం మొత్తం పటంలో కనిపించింది. చవకైన పాత పెట్టె ఉపగ్రహాన్ని ఓడించిందని ఈ కథను చెబుతుంటారు. నేను అలా చెప్పను. ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ దశాబ్దాల పాటు ఒకే పని చేసిన పరికరం ఒకటి, ముడి డేటాను పారేయని వ్యవస్థ ఒకటి, రెండూ కలిసి నిజం తేల్చాయి. ఒక్కటే ఉంటే ఇంకా వాదించుకుంటూ ఉండేవాళ్లం.

ఇక మనందరి వేలికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలిన స్పెక్ట్రోస్కోపు, పల్స్ ఆక్సీమీటర్. జపాన్‌లో తకువో అవోయాగి 1970ల మొదట్లో దీని సూత్రం పట్టుకున్నాడు. 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణం వేలి గుండా పంపి, నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని మాత్రం ఏరుకుని, రెండింటినీ నిష్పత్తి చేస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. నాడితో కదలని చర్మం, ఎముక లెక్కలోంచి వాటంతటవే పోతాయి. ఆలోచన ఎంత అందంగా ఉందో. అయితే వేలు మేం ద్రావణం పోసి కొలిచే గాజు క్యువెట్ కాదు, అందులో కాంతి చిందరవందరగా చెదిరిపోతుంది, పాఠ్యపుస్తకంలోని శోషణ సూత్రం అక్కడ పని చేయదు. అందుకని ఆరోగ్యంగా ఉన్న స్వచ్ఛంద సేవకులకు ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, ధమని నుంచి తీసిన రక్తంతో పోల్చి ఒక పట్టిక తయారు చేస్తారు. ఏ నిష్పత్తికి ఏ అంకె చూపాలో ఆ పట్టికే చెబుతుంది.

ఆ స్వచ్ఛంద సేవకులు ఎవరు? వాళ్లలో నల్లటి చర్మమున్నవాళ్లు ఎందరు? అమెరికా నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకం ప్రకారం కనీసం పది మంది, అందులో ఇద్దరో పదిహేను శాతమో, ఏది ఎక్కువైతే అంతమంది ముదురు రంగు వాళ్లుంటే చాలు. 2020లో అక్కడి ఆసుపత్రుల రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపుతూ ఉండగా రక్తంలో నిజానికి 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. ఎల్‌ఈడీ బాగానే ఉంది, డిటెక్టర్ బాగానే ఉంది. పోల్చుకోవడానికి పెట్టుకున్న మనుషుల్లో లోటు. తెర మీద కనిపించే 94 అంకెలో ఆ మనుషులు కనిపించరు.

ఇప్పుడు మొదటి పేరాలోని అరచేతి పెట్టె దగ్గరికి వద్దాం. ఇలాంటి చాలా పెట్టెలు సమీప పరారుణంలో పని చేస్తాయి. ధాన్యంలో తేమ కొలవడానికి కార్ల్ నోరిస్ అమెరికా వ్యవసాయ శాఖలో తీర్చిదిద్దిన పద్ధతి అది, సరైన చోట వాడితే బంగారం. కానీ ఆ ప్రాంతంలో కనిపించేవి అసలు కంపనాలు కావు, వాటి ప్రతిధ్వనుల్లాంటి ఓవర్‌టోన్‌లు. ఒకదాని మీద ఒకటి ఒరిగిన వెడల్పాటి దిబ్బలు. సోడియం గీతలా వేలు పెట్టి ఇదిగో ఇది ఫలానా అని చూపగలిగింది అందులో ఏదీ ఉండదు. జవాబు మొత్తం గణాంక మోడల్ నుంచి వస్తుంది. పొడి రేణువుల సైజు మారినా, గది వేడెక్కినా వర్ణపటం కదులుతుంది. మోడల్ ఎన్నడూ చూడని నమూనా ఇస్తే "నాకు తెలియదు" అనడం చాలా మోడళ్లకు రాదు, అదే ధీమాతో ఒక అంకె చెబుతుంది.

అదే సైజులో, అణువులకు తగిలి రంగు కాస్త మారి చెదిరిన కాంతిని చదివే రామన్ పరికరాలూ వస్తున్నాయి. వాటి మీద నాకు గౌరవం ఎక్కువ. 1928లో రామన్, కృష్ణన్ సూర్యకాంతి ముందు ఒక ఫిల్టర్, కంటి ముందు దానికి వ్యతిరేకమైన మరో ఫిల్టర్ పెట్టి, రెండూ కలిస్తే చీకటి కావలసిన చోట వెలుతురు చూశారు. ఆ వెలుతురు ఎంత పేదదంటే లేజర్ వచ్చేదాకా ఆ పద్ధతి పరిశోధకుల దగ్గరే ఉండిపోయింది. రామన్ పీక్‌లు సన్నవి, అణువును బట్టి వాటి చోటు మారుతుంది. పరికరం తప్పు చెబితే వర్ణపటం తెరిచి వాదించవచ్చు. నమూనా ప్రతిదీప్తి చూపిస్తే, అంటే లేజర్ తగిలి తనే వెలుగు చిమ్మితే మాత్రం పీక్‌లన్నీ ఆ వెలుగులో మునిగిపోతాయి, అప్పుడు నిజాయితీగల పరికరం చేతులెత్తేయాలి.

ఇంకాస్త ముందున్నవి చిప్ మీది స్పెక్ట్రోమీటర్లు. వీటిలో కొన్నింట్లో పట్టకం లేదు, గ్రేటింగ్ లేదు. ఒక్కో రంగుకు ఒక్కోలా, గందరగోళంగా స్పందించే డిటెక్టర్లు కొన్ని పెట్టి, వాటి అంకెల నుంచి అల్గారిదం వర్ణపటాన్ని ఊహించి కడుతుంది. ఇంజినీరింగ్‌గా చూస్తే ముచ్చటేస్తుంది. రోలాండ్ దయ్యాలు మాత్రం నాకు పదేపదే గుర్తొస్తాయి. మర చేసిన దయ్యానికి ఒక క్రమం ఉండేది, ఎక్కడ వస్తుందో లెక్కకట్టి పట్టుకోగలిగాం. అల్గారిదం చేసిన దయ్యం నిజమైన వర్ణపటాల్లాగే కనిపించేలా తర్ఫీదు పొంది ఉంటుంది.

"సామాన్యుడికి జవాబు కావాలి, వర్ణపటం ఎందుకు" అని సహోద్యోగులు నాతో వాదిస్తారు. పల్స్ ఆక్సీమీటర్ లోపంతోనే లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టింది కదా అంటారు. నిలబెట్టింది, కాదనను. అందరూ గీతలు చదవడం నేర్చుకోవాలని నేను అడగడం లేదు. చదవగలిగినవాళ్లు కావాలంటే చదివేలా తలుపు తెరిచి ఉంచమంటున్నాను. 2020 అధ్యయనం సాధ్యమైంది కూడా ఆసుపత్రుల్లో ధమని రక్తపరీక్ష ఫలితాలు విడిగా నమోదై ఉండబట్టే. రెండో కొలత లేకపోతే ఆ లోపం మన మధ్యే హాయిగా తిరుగుతూ ఉండేది.

ఖగోళ శాస్త్రంలో దీని రెండో కొస కనిపిస్తుంది. నక్షత్రం ముందుకీ వెనక్కీ ఊగడాన్ని గీతల జరుగుబాటులో పట్టి మేయర్, కెలోజ్ 1995లో 51 పెగసి అనే నక్షత్రం చుట్టూ గ్రహాన్ని కనుక్కున్నారు. ఆ ఊగు సెకనుకు 50 మీటర్ల పైచిలుకు. భూమి మన సూర్యుణ్ణి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లు, అదీ ఏడాదికి ఒక చుట్టు. అంటే అంత చిన్న కదలికను చూడాలంటే కొలబద్ద ఏళ్ల తరబడి కదలకూడదు. అందుకే పోల్చుకోవడానికి తెలిసిన గీతలిచ్చే పాత థోరియం దీపాల పక్కన లేజర్ ఫ్రీక్వెన్సీ కూంబ్ వచ్చి కూర్చుంది. సమాన దూరాల్లో వేలాది గీతలు, ప్రతి గీత ఫ్రీక్వెన్సీ పరమాణు గడియారానికి కట్టి ఉంటుంది. హాల్, హెన్ష్‌లకు 2005 నోబెల్ తెచ్చిన పరికరం ఇది. ఇక్కడ ఆధారం ఎంత గట్టిదంటే ఇప్పుడు మిగిలిన సందేహం పరికరం మీద కాదు, ఉడుకుతున్న నక్షత్రం ఉపరితలం మీద. మార్స్ మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్ సైతం లేజర్‌తో రాళ్లను పేల్చి చదివే ముందు పోల్చుకోవడానికి తెలిసిన కూర్పు ఉన్న నమూనా బిళ్లలను తన ఒంటి మీదే మోసుకెళ్లింది. కోట్ల కిలోమీటర్ల అవతల రాయిని చదివే యంత్రానికి ఆ బరువు మోయడం తప్పనిసరి అనిపించినప్పుడు, మందులు పరీక్షించే పరికరంలో ఒక రిఫరెన్స్ బిళ్ల పెట్టడానికి చోటు లేదనడం నేను ఒప్పుకోను.

పల్స్ ఆక్సీమీటర్ల విషయంలో కొంత కదలిక వచ్చింది. 2025 జనవరిలో అదే అమెరికా నియంత్రణ సంస్థ కొత్త ముసాయిదా వెలువరించింది. పరీక్షలో పాల్గొనేవాళ్ల సంఖ్యను బాగా పెంచాలనీ, వాళ్ల చర్మం రంగును కంటి అంచనాకు వదలకుండా రంగు కొలిచే పరికరంతో కూడా నమోదు చేయాలనీ అందులో ఉంది. ఒక కాంతి పరికరాన్ని సరిచూడటానికి ఇంకో కాంతి పరికరం అన్నమాట, ఆ రెండోదాన్ని మళ్లీ తెల్ల పలకతో సరిచూస్తారు.

మా ల్యాబ్‌కు డెమోకి వచ్చే సేల్స్ కుర్రాళ్లు నా ప్రశ్నలకు అలవాటుపడ్డారు. లైబ్రరీలో ఏ నమూనాలున్నాయి, లాట్ నంబర్లు చూపించగలరా? తరంగదైర్ఘ్యం జరిగితే పరికరం తనంతట తాను పట్టుకుంటుందా, నేను పెట్టిన పాలిస్టైరీన్‌తో పట్టుకోవాలా? మోడల్‌ను అప్‌డేట్ చేస్తే పాత ఫలితాలు ఏ మోడల్‌తో వచ్చాయో రికార్డు ఉంటుందా? తెలియని పదార్థం పెడితే తెలియదని చెబుతుందా? ఈ చివరిదాన్ని అడిగి ఊరుకోను, లైబ్రరీలో లేని పొడి ఒకటి సీసాలో పోసి ముందే సిద్ధంగా ఉంచుతాను. ఆ తర్వాత ముడి వర్ణపటం ఫైలు నా కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చా అని అడుగుతాను. కుదరదంటే టీ ఇచ్చి పంపించేస్తాం.